మూర

గాంధీ బజారులో తాళ్లు కట్టేసినారు.
నా గంప పెట్టే చోట బారికేడు కూర్చుంది.
మనవరాలు భూమిక ఫోనులో అంగడి తెరిచింది:
"మునెమ్మ పూలు", పక్కన కనకాంబరాల బొమ్మ.

మొదటి ఆర్డరు ఏడో అంతస్తు నుంచి.
మూరంటే ఎన్ని సెంటీమీటర్లు ఆంటీ, అని.
ముప్పై ఏళ్లలో ఒక్కరూ అడగలేదు.
మొళ అన్నా మూర అన్నా
మోచేతి నుంచి నడిమివేలి కొసదాకా, నేనే.
పక్కింటి టైలరు టేపు తెచ్చి కొలుచుకున్నా.
నలభై మూడు.
ఇన్నాళ్లూ ఇంతేనా నేను!

పూలు కట్టిన తడివేలిని ఫోను నమ్మదు.
కొంగుకు తుడుచుకుని మళ్లీ నొక్కాల.
ఫొటోలో మల్లెలు తెల్లగానే ఉంటాయి,
వాసన మాత్రం నా దగ్గరే ఉండిపోతుంది.
అపార్టుమెంటు గేటు కాడ ప్లాస్టిక్ కుర్చీ,
దాని మీద పొట్లం పెట్టి
నాలుగడుగులు వెనక్కి జరిగితే
నడుముకు దోపుకున్న ఫోను పలుకుతుంది: నలభై రూపాయలు.
సరిగ్గా నలభై.

బేరం లేదు.
"ఇంకో నాలుగు పూలు వెయ్యి మునెమ్మా"
అని చాచే చెయ్యి లేదు.
అడగని కొసరు ఎట్లా వేసేది?

జలజాక్షమ్మకు రోజూ రెండు మూరలు.
సోమవారం పంపిన ఫొటోకి
ఒకటే గీత.
గురువారానికీ ఒకటే.
ఛార్జింగు లేదేమోలే అవ్వా, అంది భూమిక
నా మొహం చూడకుండా.

ఆ రాత్రి దారం పట్టిన చెయ్యి
ప్రతి మాలకూ మోచేయి దాటి
పైకి పోయింది.
నలభై ఏడో, యాభయ్యో.
టేపు తీయలేదు.