కింది నుంచి

మనుషులు నాకు కింది నుంచే ఎరుక.
సిరొంచ బస్టాండు గోడ కాడ, చినిగిన గొడుగు నీడల
ముప్పయ్యేండ్లుగ నా ముంగటికొచ్చేది
మొకం కాదు, మడిమె.

తహసీలు సాబు బూటు: పైన మెరుపు, లోపల మేకు.
జవాను బూటు: అడవి బురద, అడుగడుక్కు అనుమానం.
ఆసరెల్లి దిక్కు తునికాకు తెంపొచ్చిన చిన్నుబాయి
ఒక్క చెప్పే ఇచ్చింది, రెండోది యాడనో వడ్డదట.
ముల్లు చెప్పుల ఇరిగిందా, కాల్లనా అంటే
"రెండిట్ల" అని నవ్వింది.

ఇయ్యాల ఆరోహణ పండుగ, బేస్తారం.
ఎండకు ప్రాణహిత ఇసుక పేలాల మంగలమైంది.
రేకుల గుడిల పాదిరి చెప్తున్నడు:
ఆయన పైకి పోయిండు, మబ్బు అడ్డమొచ్చింది,
తండ్రి కుడిదిక్కు గద్దె మీద కూసున్నడు,
దూతల కంటె ఎత్తు, రాజుల కంటె ఎత్తు.
అందరు తలలెత్తి రేకులను చూసిన్రు.

నాకు ఎత్తు తెల్వది.
ఆ కొండ మీద నిలవడ్డోల్లను తలుసుకున్న.
మెడలు గుంజంగ చూస్తుంటె
మొదలు మొకం మబ్బుల కలిసుంటది, ఎన్క చేతులు,
ఆఖరుకు మిగిలినయి అరికాల్లు.
గడియసేపు ఆల్లంత
నేను కూసునే జాగల కూసున్నట్టే గదా.

ఆ కాల్లకు చిల్లులున్నయి.
చిల్లి కనవడితే నా చెయ్యి ఊకోదు,
ఆరె కోసం తడుముకుంటది.
చావు కుట్టునే ఇప్పినాయన
రెండు చిల్లులు పూడ్సుకోలేడా?
గద్దెక్కే రాజు ఎవడైన కొత్తజోడు తొడుగుతడు.
ఈయన పాత గాయాలతోటి ఎక్కిండు, వట్టికాల్లతోటి.

మా తాత కుట్టిన జోడు పటేలు తొడిగేది.
తాత తన జోడు చేతుల వట్టుకొని ఆ వాడ దాటేది.
వట్టికాల్ల రాజున్నడని
ఆయనకెవ్వరు చెప్పలే.

పొద్దుగూకే యాల్లకు చిన్నుబాయి మల్లొచ్చింది.
రెండో చెప్పు దొరికిందట.
పైసలు తీసుకోలేదంటే అబద్ధం, పది రూపాయలు తీసుకున్న.
కాని కాల్ల ముల్లు ఇంక అట్లనే ఉన్నది.
నా తొడ మీద పెట్టుమంటె సిగ్గువడ్డది.
"పెట్టు బిడ్డ" అన్న, మోకాల్ల మీద వంగి.
ఎలుగు సాలలే.
అరికాలును కొంచెం పైకెత్తిన.