కౌంటు

గంగపట్నం కాడ ఏడెకరాల రొయ్యల గుంట,
గట్టు మీద రేకుల షెడ్డు.
మేత బస్తాలు ఒక పక్క, నా బల్ల ఒక పక్క.
ఊళ్ళో రాత్రంతా కరెంటు ఆగనిది ఇక్కడొక్కచోటే అని
మా చిన్నాయన్ని బతిమాలి చేరాను.
ఏరేటర్ల కోసం జనరేటరు,
ఆ తీగ చివర వేలాడతా నా వైఫై.

మొదటి పనికి పదిహేను డాలర్లు.
గంటకు కాదు, పని మొత్తానికి.
తొమ్మిది రాత్రులు పట్టింది.
ఎవరో ఐదు చుక్కలు ఇచ్చాడు, మురిసిపోయాను.
చుక్కలు చూసి ఇంకొకరు, ఇంకొకరు,
ఒకేసారి పదకొండు మంది.
ఒకరికి బొమ్మ జరపాలి, ఒకరికి బటను రంగు,
"చిన్న పనే, అరగంట" అన్నవాడిది
మూడు పున్నములు దాటినా తెమలదు.
నిద్రలో కూడా సెమీకోలన్లు
మేత చల్లినట్టు పడతా ఉండేవి.

ఆ వేసవి పట్టుబడి రోజు
కొనేవాడు ఒక కిలో తూచి
పట్టా మీద పోసి లెక్కపెట్టాడు.
నూట పన్నెండు.
"నూరు కౌంటు కూడా రాలా" అని పెదవి విరిచాడు.
పక్క గుంటలో కిలోకి ముప్పయ్యే తూగినయ్యి,
ధర రెట్టింపు.
అదే నీళ్ళు, అదే మేత, అదే ఉప్పుగాలి.
"పిల్లని దట్టంగా పోశారు," అన్నాడు ఖాజా మస్తాను
నీళ్ళ సీసా ఎండకెత్తి చూస్తా.
"అన్నీ బతికినయ్. ఏదీ పెరగలా."

ఆ మాట నాతో అన్నది కాదు.
నేనే తీసుకున్నాను.

ఆ రాత్రి ఎనిమిది మందికి సెలవు చెప్పాను.
మిగిలిన ముగ్గురిలో ఒకరివి
రాటర్‌డామ్‌లో చల్లటి గోదాములు.
నెలకోసారి లెక్కలో ఒక లారీ సరుకు మాయం,
ఏడు నెలలుగా ఎవరికీ దొరకలేదు.
అర్ధరాత్రి దాటి దిగిన సరుకుని
ప్రోగ్రాము నిన్నటి తేదీ వేసి
అప్పటికే మూసేసిన నెలలోకి తోసేస్తా ఉంది.
సరిచేస్తే నాలుగు లైన్లు.
నాలుగు లైన్లకి ఎంత అడగాల?

గుంట కావలి వెంగయ్య
పది చక్రాల హోరులో దుప్పట్లోంచే చెప్తాడు
"మూడోది దగ్గతా ఉండాది" అని.
టార్చి వేస్తే మూడోదే.
బోల్టు బిగించి వచ్చి మళ్ళీ ముసుగు తన్నుతాడు.
ఆయన జీతంలో ఆ చెవికి విడిగా లెక్క లేదు.

ఒక అంకె రాశాను. కొట్టేశాను.
దానికి రెట్టింపు రాసి
కళ్ళు మూసుకోని పంపేశాను.
రెండు రోజులు జవాబు లేదు.
గట్టు మీద తిరిగాను,
మేత ట్రేలు ఊరికే ఎత్తి చూశాను,
తగ్గిస్తానని ఒక ఉత్తరం కూడా రాసి పెట్టుకున్నాను.
మూడోనాడు వచ్చింది ఒకటే మాట: సరే.
ఆ తగ్గింపు ఉత్తరం ఇంకా డ్రాఫ్టుల్లోనే ఉంది,
పొగరెక్కినప్పుడు తీసి చదువుకుంటాను.

అన్ని పంటలూ ఇట్టా రాలేదు.
ఒక ఏడు డబ్బివ్వాల్సినవాడు దివాలా తీశాడు.
తెల్లమచ్చ తగిలిన గుంట మాదిరి
నాలుగు నెలల పని తెల్లారేసరికి పైకి తేలింది.
అప్పటినుంచి సగం ముందే.

ఇందుకూరుపేట బ్యాంకులో
"జీతం చీటీ ఏదమ్మా?" అన్నాడు మేనేజరు.
"నాకు నేనే ఇచ్చుకోవాల సార్."
వృత్తి అన్న గడి మీద చాలాసేపు పెన్ను ఆడించి
నా చిరునామా ఇంకోసారి చూసి
'ఆక్వా' అని రాశాడు.
అప్పు వచ్చింది.

నిన్న రాత్రి నా బల్ల మీద టీ గ్లాసు పెట్టి
వెంగయ్య అడిగాడు,
"గంటకెంత మే నీకు?"
ఏ దేశంవాడు అడిగినా రూపాయి తగ్గని నోరు నాది.
సగం చెప్పాను.

ఆ సగానికే ఆయన మాట్లాడలేదు.
కాసేపు నీళ్ళ వైపు చూసి,
చెవి ఒగ్గి,
"ఏడోది" అని లేచి
టార్చి తీసుకోని గట్టు మీద పోయాడు.