ఇరవై మార్కుల గడి

రోజుకు ఇంతని మాట్లాడుకున్నాం.
చదవడానికి ఒక రేటు,
బోనెక్కితే ఇంకో రేటు.
డాబా గార్డెన్స్‌లో మూడో అంతస్తు,
శేషగిరి వకీలు గారి ఆఫీసు.
లిఫ్టు పనిచేయదని ముందే చెప్పుంటే
మోకాలికి మూడో రేటు అడిగేవాణ్ణి.

"పర్సనెల్ శాఖలో ముప్పై ఒక్కేళ్లు తలపండినవారు మీరు.
అంతా పద్ధతి ప్రకారమే జరిగిందని
పద్ధతిగా రాసిస్తే చాలు" అన్నారాయన,
టీ గ్లాసు నా వైపు జరుపుతూ.

అట్టపెట్టెలు నాలుగు.
పైన వేలిమందాన బొగ్గు పొడి.
పోర్టు పక్క గోదాములో పెట్టిన కాగితం
తెల్లగా ఉంటానన్నా
మన ఊరి గాలి ఉండనివ్వదు.
తుడిచిన గుడ్డ చూసి జూనియరమ్మాయి నవ్వింది.

కేసు వేసింది గరికిన నూకరత్నం,
కంటైనర్ యార్డులో టాలీ గుమాస్తా.
పద్నాలుగేళ్లుగా గుమాస్తాయే.
ఆమె దగ్గర లెక్క నేర్చుకున్న ముగ్గురు కుర్రాళ్లు
సూపర్‌వైజర్లై
ఆమెకే మార్కులు వేశారు.

మార్కులు కూడి చూశాను.
కూడికల్లో తప్పు లేదు, ఏ ఏడూ లేదు.
పనికి నలభైకి ముప్పై ఎనిమిది,
హాజరుకు ఇరవైకి ఇరవై,
లెక్క తప్పనందుకు ఇరవైకి పంతొమ్మిది.
చివరి గడి "ఒద్దిక, వ్యక్తిత్వం":
ఇరవైకి నాలుగు.
మళ్లీ నాలుగు. మళ్లీ నాలుగు.
ఒక ఏడు ఎవరో జాలిపడి అయిదు.

పక్కన రిమార్కులు:
గొంతు పెద్దది.
జాలారిపేట యాస పోలేదు.
రాత్రి షిఫ్టుకు పనికిరాదు.

వాంగ్మూలం పదిహేడో పేజీలో
టైపిస్టు దిద్దకుండా వదిలేసిన మాటలు:
"రేత్రి గురించి నన్నెవులడిగినారు బాబూ?
మూడు గంటలకి హార్బర్లో ఏలం పాట కాడ
మా యమ్మ గంప నానే ఎత్తుతాను.
ఊరు నెగిసే ముందరే సేప తూసి
ఏడుకి డ్యూటీలో ఉంతాను."

అడిగిన కాగితం కోసం నాలుగు పెట్టెలూ వెతికాను.
లేదు.
అడగలేదు.

తర్వాత, ఎందుకో, ఫారం తిరగేశాను.
వెనక అడుగున, చీమ తలంత అక్షరాల్లో
ఫారం నంబరు, ఏడాది,
తయారుచేసినవారి పొడి అక్షరాలు.
నావి.

నేను పనిచేసింది వేరే కంపెనీ.
కానీ ఫారాలు ఉద్యోగాలు మారతాయి,
ఎవరి సిఫార్సూ లేకుండా.

గుర్తుంది.
ఏదో తుపాను మర్నాడు, కరెంటు లేని హాల్లో,
చెమట తుడుచుకుంటూ గీసిన గడి.
పై ఆఫీసరు అన్నాడు:
"అన్నీ కొలిచేస్తే మన చేతిలో ఏం మిగుల్తుందయ్యా?"
మిగిల్చాను. ఇరవై మార్కులు.
స్కేలు పెట్టి, నిటారుగా.
గీత బాగుందని మెచ్చుకున్నారు కూడా.

రిపోర్టు పదకొండు పేజీలు.
పది పేజీలు వకీలు గారికి నచ్చాయి.
పదకొండోది చదివి కళ్లద్దాలు తీశారు.
"మీరు మన తరఫు కదండీ?"
"మన తరఫు కాబట్టే ఇక్కడ చెబుతున్నా.
అవతలి వకీలు అడిగితే అక్కడా ఇదే చెబుతాను.
అక్కడ రేటెక్కువ."

ఆయన నవ్వలేదు.
"రాజీ అంటే కంపెనీ ఒప్పుకోదు."
"ఒకసారి ఫోన్ చేసి చూడండి."
చేస్తారో లేదో.
అడ్వాన్సు చెక్కు మాత్రం మార్చుకున్నాను,
దాచడమెందుకు, మోకాలి డాక్టరుకే పోయింది.

గోడ పట్టుకుని మెట్లు దిగాను.
కింద వాచ్‌మన్ రిజిస్టరు చాపాడు,
పొద్దున రాయడం మరిచానట.
మొదటి గడిలో పేరు.
రెండో గడి: ఎవరి కోసం వచ్చారు.
పెన్ను అక్కడ ఆగిపోయింది.
"తొరగా రాయండి బాబూ" అన్నాడు,
"ఎనక మనుసులున్నారు."