రబ్బరు

పడవ దిగేసరికి బూట్ల నిండా నీళ్ళు.
చిలోయె దీవుల్లో వాన పడుతోందా అని అడగరు,
ఇవాళ ఏ మాత్రం అంటారు, అంతే.

ఆల్చిప్పలు ఏరేవాళ్ళ సంఘం ఆఫీసు ఒకే గది.
కట్టెల పొయ్యి, దాని మీద ఆరేసిన ఉన్ని మేజోళ్ళు.
పొయ్యి వెచ్చదనం అందనంత దూరాన, చెమ్మగోడ పక్కన
పళ్ళలా పచ్చబడిన తెల్ల పెట్టె.
"నిన్నటిదాకా బాగానే ఉంది" అంది ఎదువిహిస్.
ఏ దీవికి వెళ్ళినా ఇదే మాట,
నేను మొట్టమొదట నమ్మనిదీ ఇదే.

లోపలి బ్యాటరీ ఎన్నడో చచ్చింది.
దానికి రోజూ రెండువేల మూడు, జనవరి ఒకటి.
తెర మూల రెండు బుల్లి కంప్యూటర్ల బొమ్మ ఉండాలి,
లేదు.
ఎర్ర ఇంటూ గుర్తుతోనైనా లేదు.
తీగ తెగితే తెగిందని చెబుతుంది,
అసలు తీగన్నదే ఎరగనంటే ఏం చెయ్యను?

కేబుల్ మార్చాను. టక్కుమనేదాకా నొక్కాను.
రౌటర్ మీద మూడు దీపాలు పచ్చగా ఆడుతున్నాయి,
మా దీపం ఒక్కటే నల్లగా.
నువ్వున్నావా అని పెట్టెను దాన్నే అడిగించాను.
ఉన్నా, ఉన్నా, ఉన్నా, ఉన్నా.
తనకు తాను బదులివ్వడం ఎంత సులువో!
గోడవతల రౌటర్ని పిలిస్తే
ఉలుకూ లేదు, పలుకూ లేదు.

కిటికీలోంచి రేవు కనిపిస్తోంది.
అరవై రెండు బస్తాలు, వాటి మీద టార్పాలిన్,
దాని మీద కూచుని నొల్బెర్తో.
నీళ్ళు ఎర్రబారాయో లేదో ప్రయోగశాల తేల్చాలి,
ఆ కాగితం రానిదే లారీ పడవ ఎక్కించుకోదు.
టవర్ మూడు రోజుల కిందటి గాలికి పడిపోయింది.
"ఇంకెంతసేపు?" అని అతను ఒక్కసారి కూడా అడగలేదు,
అడిగుంటే బావుండేది.

పెట్టె విప్పాను.
నాలుగు మరల్లో ఒకటి లేదు, అక్కడ గాలపు దారం ముడి.
లోపల దుమ్ము, ఒక చిమ్మట, ఉప్పు వాసన.
నెట్‌వర్క్ కార్డు లాగి చూస్తే
బంగారు పూత పళ్ళకి ఆకుపచ్చ చిలుము.

"రబ్బరుందా?"
పొయ్యి దగ్గర లెక్కలు చేస్తున్న ఎలియాసెర్
తల ఎత్తి నన్నూ, తన రబ్బరునీ చూశాడు.
"కొరికిన వైపు వాడొద్దు" అన్నాడు.

కొరకని వైపుతోనే రుద్దాను,
నెమ్మదిగా, ఒకే దిక్కుగా, ఇటు పన్నెండుసార్లు, అటు పన్నెండు.
పొట్టు ఊది, కార్డు గాడిలో కూర్చోబెట్టి
మీట నొక్కాను.

పొయ్యిలో కట్టె పేలింది.
నాలుగో దీపం వెలిగింది.
గడియారం ఒక్క గెంతులో
ఎలియాసెర్ పుట్టుకను కూడా దాటేసి
ఈ మధ్యాహ్నంలోకి వచ్చి పడింది.

ప్రింటర్ ఒక్క కాగితం కక్కింది.
ఎదువిహిస్ నిలబడే చదివింది,
నాలుగు మడతలు పెట్టింది,
కోటు తొడక్కుండానే వానలోకి వెళ్ళింది.

కిటికీలోంచి చూశాను.
నొల్బెర్తో టార్పాలిన్ తీసి మడత పెట్టాడు, అంచులు కలిపి, జాగ్రత్తగా.
తరవాత కత్తి తీసి మొదటి బస్తా మూతి కోశాడు.
ఆల్చిప్పలు సముద్రంలో పడుతున్న చప్పుడు
గాజు ఇవతలికి వినపడలేదు.

మరలు బిగించాను, మూడు.
దారం మళ్ళీ ముడేశాను.

"నా రబ్బరు పనిచేసిందా?" అన్నాడు ఎలియాసెర్.
"చేసింది" అన్నాను.
నల్లబడ్డ వైపు లాగుకి రుద్దుకుని
వాడు మళ్ళీ లెక్కల్లో పడ్డాడు.