చెల్లని రోజులు

జనవరి చివర రెండు రోజులు మాకు శిక్షణ.
నియమాల పుస్తకం ఏటా కుబుసం విడుస్తుంది,
మేం కళ్లద్దాలు తుడుచుకుని
కొత్త పొలుసుల మీద వేలు పెట్టి చదువుకుంటాం.
నిరుడు చెల్లింది ఈ ఏడు చెల్లదు.
నిరుడు లేదు పొమ్మన్నవాళ్లనే పిలిచి
ఉంది, తీసుకోండి అనాలి.
వాళ్లకి నా నిరుటి మొహం గుర్తుంటుంది.

నోషిరో మునిసిపల్ ఆఫీసు, రెండో అంతస్తు.
కిరోసిన్ స్టవ్ మీద కెటిల్.
సముద్రం వైపు కిటికీలకి మంచు అడ్డంగా కొడుతుంది.
మార్చి పదిహేను దాకా నాలుగో బల్ల నాది,
నీలం చేతిపట్టీ నాది.
పన్ను వేసేదాన్ని కాదు, గడులు చూపించేదాన్ని.
అయినా తిట్లు నాకే.

డెబ్బై మూడో నంబరు, నరుమి ఐకిచి గారు.
రంపపు మిల్లులో చేసి దిగిపోయిన మనిషి,
కుడిచేతి చూపుడువేలు ఒక కణుపు పొట్టి.
బిస్కెట్ల డబ్బా మూత తీశాడు.
ఆస్పత్రి రశీదులు, ఏ నెలవి ఆ నెల,
ఉన్నిదారంతో కట్టి.
"రశీదులు ఇప్పుడు ఇవ్వక్కర్లేదండీ,
పట్టిక రాస్తే చాలు. ఐదేళ్లు ఇంట్లో దాచుకోండి."
"ఐదేళ్లా," అన్నాడు. "ఆ తర్వాత?"
ఆ తర్వాతకి పుస్తకంలో ఏమీ లేదు.

విటమిన్ మాత్రలు కుదరవు.
డైపర్లు కుదురుతాయి, డాక్టరు చీటీ ఉంటే.
ఉంది.
బస్సుకి రశీదు అడగం, రాసుకున్నది చూపిస్తే చాలు.
ఆయన రాసుకున్నాడు,
బడిపిల్లల నోటుబుక్కులో, పెన్సిలుతో:
తారీఖు. ఇద్దరం. రానూపోనూ పన్నెండు వందల ఎనభై యెన్‌లు.
"ఒక్కతే నడవలేకపోయేది. చెయ్యి పట్టుకోవాలి."
పట్టుకున్న చేతి చార్జీ కూడా చెల్లుతుంది.
వేశాను.

జూన్ పంతొమ్మిది నుంచి
ఇద్దరం అన్నచోట ఒక్కణ్ణి.
ఆరు వందల నలభై.
ఆరు వందల నలభై.
పేజీ అడుగుదాకా, మళ్లీ తిప్పితే అడుగుదాకా.
పక్కన అక్కడక్కడ చీమలంత అక్షరాలు:
నిద్రలో ఉంది.
రెండు చెంచాల గంజి.
నన్ను వాళ్లన్న పేరుతో పిలిచింది.

ఇక్కడ నేను గొంతు సవరించుకోవాలి.
ఆస్పత్రిలో చేరిన మనిషి దగ్గరికి వెళ్లడం
చూడ్డానికి వెళ్లడం. వైద్యం కాదు. చెల్లదు.
పన్నెండేళ్లుగా ఈ మాట చెబుతున్నాను,
అన్నీ మారే పుస్తకంలో ఇదొక్కటి మారదు.
డెబ్బై ఒక్క రోజులు.
నేను తీసేస్తుంటే
ఆయన పొట్టి వేలు నాతోపాటే దిగుతోంది
దుంగలు లెక్కపెట్టినట్టు.

ఆఖరి గీత దగ్గర ఆగాం.
ఆగస్టు ఇరవై ఎనిమిది. మూడు వందల ఇరవై.
వెళ్లడమే ఉంది, రావడం లేదు.
"వచ్చేటప్పుడు ఆమెతోపాటు బండిలో వచ్చాను.
దాని బిల్లు వేరే. అదీ చెల్లదు కదా?"
"చెల్లదండీ."

భార్య గడి మాత్రం నిండుగా నింపమన్నాను.
ఆగస్టులో పోయినా
నియమం ఆమెని ఏడాది మొత్తానికీ లెక్కేస్తుంది,
నెలల కింద కొయ్యదు.
ఫుమినో, అని రాశాడు, నొక్కి,
కింది కాగితం మీద కూడా పడేట్టు.
ఈయన పోయి ఆవిడ మిగిలుంటే
విధవలకి ఒక మినహాయింపుంది.
ఈ వయసు మగవాడు ఒక్కడే మిగిలితే ఆ గడి లేదు.
ఆయన అడగలేదు. నేను చెప్పలేదు.

తిరిగొచ్చేది నాలుగు వేల నాలుగు వందల ఎనభై.
పెన్సిలు తీసి నోటుబుక్కు అట్ట మీద
ఏదో భాగహారం చేశాడు.
"ఏడు రోజులొచ్చాయి," అన్నాడు,
బేరంలో మరీ నష్టపోనివాడిలా.
డబ్బా మూత పడక రెండుసార్లు నొక్కాల్సి వచ్చింది.

డెబ్బై నాలుగు.
ఎవరో ఉల్లిగడ్డల రైతు. కూర్చోకముందే అడుగుతోంది:
పిల్లికి ఆపరేషను చేయించాను,
అది నా మీద ఆధారపడ్డట్టు కాదా, అని.