ఇతరములు

"ఎంతమంది పిల్లలకు లాభం?"
కంపెనీ సారు ఫారం మీద వేలు పెట్టి అడిగిండు.
పదకొండు, అన్నది పీటీ మేడం.
సారు పెన్ను గాలిల ఆగింది.
"ఇంత తక్కువ రాస్తే ముంబయిల పాస్ గాదు మేడం,
రెండు వందలు రాద్దాం."
"ఆటోల పదకొండు మందే పడతరు సార్."

ఏ ఆటో అని ఆయన అడగలే.
కిటికీ అవుతల బీడీ ముట్టిచ్చుకుంట నిలబడ్డ నేను గూడ అడగలే.
అది నా ఆటోనే అని
పొద్దుమూకినంక తెలిసింది.

నా పేరు దుర్గం పోశం.
సిరొంచ నుంచి అంకీస దిక్కు నడుపుత.
ఆ కంపెనీ లారీలే
మా రోడ్డును ఎర్రగ దంచి పోసినయి.
మా అమ్మకు దగ్గు.
దుమ్ము గాదు, బీడీలే అన్నడు డాక్టర్.
మా అమ్మ బీడీలు చుట్టింది గని
ఒక్కటి తాగలే.

మొదలు మ్యాట్ వచ్చింది నాగపూర్ నుంచి,
నీలి రంగు, పండ్లకు పండ్లు కరిచినట్టు అతుకులు.
దాని మీద కాలు పెట్టనీకి భయపడి
తలండి రాజేశ్వరి
బోరింగు కాడ మడిమెలు రాయికి రుద్ది కడుక్కొని వచ్చింది.
తర్వాత బూట్లు వచ్చినయి,
అన్నీ ఎనిమిదో నంబరే.
గుడ్డపేలికలు కుక్కుకొని ఫోటో దిగిండ్రు.
కుర్సం నీల మాత్రం విడిచి పక్కన పెట్టింది,
కూత పెట్టుకుంట అవుతల గీతకు ఉరికింది,
ఫోటోల ఆమె లేదు.

ఆట ఆగింది మ్యాట్ లేక గాదు.
ఆఖరి బస్సు నాలుగున్నరకు.
బడి విడిచేది ఐదింటికి.
"చీకటైతే ఎట్లొస్తవే?"
ఈ ఒక్క మాట
ఇంటింటికి తిరిగి ఔట్ చేసినంత మందిని
ఏ రైడరూ చెయ్యలే.

మేడం మూడు సార్లు రాసింది: కిరాయి ఇయ్యుండ్రి.
ఫారంల సామానుకు గడి ఉంది,
బట్టలకు ఉంది, బోర్డుకు ఉంది,
కంపెనీ పేరు ఎంత పెద్దగ రాయాల్నో దానికీ ఉంది.
కిరాయికి లేదు.
అడుగున, సంతకం మీద, సన్నటి గీత:
ఇతరములు.
ఆ సందుల నన్ను ఇరికిచ్చింది,
నెలకు మూడు వేల రెండు వందలు.

అప్పటి సంది నేనే ఇతరములు.

నా కుడిపక్క ఒకతి, ఎడమపక్క ఒకతి,
వెనుక ఒడిల ఒడి.
లెక్కలు మరాఠీల,
తిట్లు తెలుగుల,
నాకు తెలవొద్దన్న ముచ్చట గోండిల.
ఏర్ అంటే నీళ్లు, అది ఒక్కటే నాకొచ్చు.
ఆ మాట ఇనబడ్డప్పుడల్లా
బాటిల్ వెనుకకు అందిస్త,
పకపక నవ్వుతరు.
ఒక్కోసారి వాళ్లు అడిగింది నీళ్లు గాదనుకుంట.

సందు సందుకు ఒక సెల్ ఫోన్ లైటు.
ఒక తల్లి లెక్క పెట్టుకున్నట్టు చూస్తది,
తన బిడ్డను గాదు, మొత్తం పదకొండును.

గడ్చిరోలిల నాలుగు పాయింట్లతోని ఓడిండ్రు.
మొదటి ఆటే.
వచ్చేటప్పుడు ఎవ్వరు మాట్లాడలే,
ఆళ్లపల్లి దాటినంక
నీల ఒక్కతే అన్నది,
"ఆ బోనస్ గీత మీద నా కాలు పడలే మామా, రెఫరీ చూడలే."
అంకీస దాకా అదే మాట.

మార్చిల సారు మల్ల వచ్చిండు. ఏం సాధించిండ్రు?
మేడం రాసింది: ఓడినం.
కింద, ఇతరములల్ల:
నూట డెబ్బై సాయంత్రాలు, అందరూ ఇల్లు చేరిండ్రు.
సారు రెండు సార్లు చదివి
కాయితం మడిచి జేబుల పెట్టుకున్నడు.
ఫైలుల గాదు, జేబుల.

జూన్‌ల కొత్త ఫారం వచ్చింది.
అందుల కిరాయికి ఒక గడి ఉంది,
ఎవరు పెట్టిండ్రో తెల్వది.
పైసలింకా రాలే,
గడి అయితే వచ్చింది.

డీజిల్ అప్పు రాపెల్లి సేటు కాడ రాసి పెట్టిన.
ఆటో తిప్పి గేటు కాడ నిలబెట్టిన.
పది మంది ఎక్కిండ్రు.
నీల మ్యాట్ కాడ ఒంగి
బోనస్ గీతను
అరచెయ్యితోని కొలుస్తున్నది.
హారన్ కొట్టబోయి
ఆగిన.