ఎదర్నించి

రాజాంలో ఆదివారం ఉదయం ఆట.
టిక్కెట్టు యాభై. పోస్టరు మీద మా కంపెనీ పేరు,
కింద చిన్నక్షరాల్లో
"రంగస్థలం నుంచి యథాతథంగా".
జూట్ మిల్లు రాత్రి షిఫ్టు దిగినవాళ్ళు కొందరు,
పల్లీల పొట్లాలతో ఆడవాళ్ళు కొందరు,
మధ్య వరసలో నేనూ, హార్మోనియం తవిటయ్యా.

నలభై ఒక్క ఏళ్ళు ఈ నాటకంతో తిరిగాను.
ఒక్కసారీ చూడలేదు.
ప్రాంప్టరుకి కనబడేదేటి?
రాజుగారి ఎడమ చెవి,
చెవి వెనక రంగంటని చోటు,
కిరీటం జారకుండా కుట్టిన నల్లదారం.
రాణి ఏడుస్తోందని భుజాన్ని బట్టి తెలుసు.
జనం ఏడుస్తున్నారని
దగ్గులు ఆగిపోవడాన్ని బట్టి తెలుసు.
మిగతాదంతా టార్చిలైటు కింద కాగితం.

ఇదే కథని ఒకప్పుడు సినిమాగా తీశారు.
పొందూరు టూరింగ్ టాకీసులో ఇసకలో కూచుని చూశాం.
నిజం కోట, నిజం ఏనుగు,
రాజ్యం పోయిన రాజు నడిచినంత మేరా నిజం వాన.
పద్యం మాత్రం రెండు పాదాలు దాటకుండానే
ఆ వానలో కరిగిపోయింది.
"ఏనుగు బాగుందిరా బావూ,
మరి మిగిలిన పాదాలేవీ?" అన్నాడు తవిటయ్య.
తిరిగొస్తూ సైకిలు వెనక కూచుని
అవన్నీ తనే పాడాడు.
రాణి గుమ్మం పట్టుకున్న చెయ్యిని
ఆ సినిమాలో తెరంత చేసి చూపించారు.
అది నాకు నచ్చింది.
తవిటయ్యకి ఇప్పటికీ చెప్పలేదు.

ఇవాళ ఏనుగు లేదు.
బొబ్బిలిలో కుట్టించిన మా ముఖమల్ తెరే,
ఎలక కొరికిన మూలతో సహా.
తెరలో తెర లేచింది.
లెంక అప్పలనరసయ్య ముఖం
ఇంటి గోడంత.

ఓరి దేవుడా, వీడికి ఇంత ముఖం ఉందా!
బీడీ కోసం నా జేబు తడిమే మనిషి,
బస్సు చార్జీ దగ్గర పావలాకి తగువాడిన మనిషి,
రాజ్యం ధారపోస్తున్నప్పుడు
పెదవి ఒక్కవైపే వణికింది.
నాకెప్పుడూ అందని కుడివైపు.

మూడో రంగం. సీసం ఎత్తుకున్నాడు.
ఊపిరి తియ్యకుండా రాగం సాగదీశాడు.
"వన్స్ మోర్!"
వెనక బెంచీల్లోంచి ఎవరో. ఈలలు. చప్పట్లు.
తెరమీది రాజు వినిపించుకోలేదు,
తన కష్టం తనదన్నట్టు నడిచి పోయాడు.
ఒక ముసలమ్మ లేచి నిలబడింది:
"మేం డబ్బులెట్టి రానేదేటి? మళ్ళీ పాడమను!"
ఆపరేటరు కిటికీలోంచి తల పెట్టి
"కుదర్దమ్మా" అన్నాడు.
ఏమనుకున్నాడో, రెండు నిమిషాలకి
బొమ్మ గజగజలాడి వెనక్కి పరిగెత్తింది.
రాజు మళ్ళీ పాడాడు.
అదే రాగం, అదే చోట అదే చెమట చుక్క.
హాలు హోరెత్తిపోయింది.
కానీ నరసయ్య రెండోసారి
ఎప్పుడూ అలాగే పాడేవాడు కాదు.
చివరి పాదంలో ఎక్కడో ఒక మెట్టు తప్పించి
తవిటయ్యని కంగారు పెట్టేవాడు.
ఆ మెట్టు కోసం తవిటయ్య వేళ్ళు
ఒళ్ళో సిద్ధంగా లేచి ఉన్నాయి.
అలాగే ఉండిపోయాయి.

ఆఖరి రంగం.
రాజు నోరు తెరిచి, ఆగాడు.
ముందు వరస ముక్కు చీదింది.
ఎంత గొప్ప మౌనం అనుకున్నారు.
నాకు తెలుసు, మర్చిపోయాడు.
చీకట్లో నా పెదవులు వాటంతటవే కదిలాయి.
అప్పుడు హాలు నాలుగు మూలల స్పీకర్లలోంచి
సన్నగా, జీరగా, ఒక గొంతు:
"ఏమీ లేనివాడికి ఇంక తలుపెందుకు..."

నాదే.
మైకు పట్టేసింది.

ఎవరూ తిరిగి చూడలేదు.
రాజుగారి మనసులో మాట అనుకున్నారేమో,
ఆ ముసలమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది.
తవిటయ్య ఒక్కడే మోచేత్తో పొడిచాడు:
"కాస్త లేటుగా అందించావురా."

అవును.
ఆ రోజు టార్చిలో బ్యాటరీలు పాతవి.